ఒక్క చేత్తో టీ గ్లాసు

తొమ్మిదో రోజు పొద్దున మా అన్న టీ గ్లాసు ఒక్క చేత్తో పట్టుకున్నాడు. తొణకలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదట ఇంట్లోనే తాగుడు మాన్పించబోయాం. రెండో రోజుకే ఫిట్స్. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పంట, మాకేం తెలుసు! ఒక ప్రైవేటు చోట అడ్వాన్సు అడిగితే అమ్మ గాజులు తీసింది. అప్పుడే 14446కి ఫోన్ చేశా. మత్తు మానాలనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన టోల్‌ఫ్రీ నంబరది. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. కావలి నుంచి తెల్లారుజామునే బయల్దేరి ఓపీ చీటీ రాయించాం. లైన్లో అన్న నా భుజం పట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు. తిట్టకుండా మాట్లాడిన ఆ డాక్టరమ్మకు దండం పెట్టాలి.

గాజులు తీసే ముందు ఆ నంబరుకొకసారి చేయండి.

రేపు మళ్లీ చూపించుకోవాలి. టిక్కెట్లు తనే తీస్తానన్నాడు అన్న.