ఆ గోళం పక్కన నిలబడతారా?

గేట్ అనే ఇంజినీరింగ్ పరీక్ష రాసి, ఒక కేంద్ర సంస్థ ఇంటర్వ్యూ దాకా వెళ్లి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చినవాణ్ణి. బ్రాంచి మెకానికల్, రూము విజయనగరం కోట జంక్షన్ దగ్గర. టైమ్‌టేబుళ్లు, మాక్ టెస్టుల లెక్కలు అందరి దగ్గరా ఉన్నాయి, అవి నేను రాయను. నన్ను ముంచిన ఒక్క ప్రశ్న గురించే రాస్తాను.

"2 మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గోళం. రేకు మందం 1 మిల్లీమీటరు. లోపలి గాలంతా లాగేస్తే నిలుస్తుందా?"

లోపల్లోపల ఎగిరి గంతేశాను. గేట్‌కి థిన్ సిలిండర్లు (పల్చటి గోడల గొట్టాలు), ఆయిలర్ కాలమ్స్ (బరువుకి పక్కకి వంగిపోయే నిలువు కడ్డీలు) చదివితే సరిపోతుంది గానీ, నేను ఇంకో అడుగేసి గోళం ఫార్ములా కూడా బట్టీ పట్టి ఉన్నాను. 1915లో జోయెలీ అనే ఆయన ఇచ్చినది. ఉక్కుకైతే క్రిటికల్ ప్రెషర్ (గోళం సొట్టపోయి కూలే ఒత్తిడి) = 1.21 × ఈ × (టి/ఆర్)². ఈ అంటే ఉక్కు ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే సంఖ్య), 2 లక్షల మెగాపాస్కల్స్. టి/ఆర్ అంటే మందాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది, వెయ్యో వంతు. బోర్డు మీద చకచకా వేస్తే 0.242 మెగాపాస్కల్స్ వచ్చింది. బయట గాలి ఒత్తిడి 0.101. "నిలుస్తుంది సార్, రెండింతల పైనే మార్జిన్ ఉంది."

"అయితే గాలి లాగేటప్పుడు మీరు దాని పక్కన నిలబడతారా?"

నోరు పెగల్లేదు. రేకులో స్ట్రెస్ చూశాను: పీఆర్/2టి (పీ అంటే గాలి ఒత్తిడి), సుమారు 50 మెగాపాస్కల్స్. ఈల్డ్ (ఉక్కు శాశ్వతంగా రూపు మారే స్ట్రెస్) 250 కదా, అదీ సేఫే అన్నాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. ఆ నవ్వుకి అర్థం ఇంటికొచ్చాక తెలిసింది.

ఆ ఫార్ములా లోపమే లేని గోళానికి. అలాంటిది ఎవరూ చెయ్యలేరు. నిజం గోళాలు అందులో నాలుగో వంతుకే కూలిపోవడం చూసి, 1939లో వాన్ కార్మన్, చియెన్ అనే ఇద్దరు పరిశోధకులు మళ్లీ లెక్కేశారు. 1.21 బదులు 0.365 దాకా దిగింది. దాంతో మన గోళానికి 0.073. అంటే గాలి ఒత్తిడి కన్నా తక్కువే! డిజైన్‌లో మామూలుగా వాడే 0.2 నాక్‌డౌన్ ఫ్యాక్టర్ (లోపాల కోసం ఫార్ములా జవాబుని తగ్గించే గుణకం) వేస్తే 0.048. పక్కన నిలబడకండి.

ఎందుకలా అన్నది పుస్తకం కన్నా గంటస్తంభం దగ్గర కొన్న పింగ్‌పాంగ్ బంతితోనే నాకు బాగా ఎక్కింది. బొటనవేలితో నొక్కితే మొదట మొండికేస్తుంది. సొట్ట మొదలయ్యాక అంత కష్టం ఉండదు. (చుట్టూ ప్రెషర్, ఒకచోట వేలు ఒకటి కావు. ఇంటర్వ్యూలో ఈ తేడా మీరే ముందు చెప్పండి.) సొట్ట చుట్టూ గోరు రాసి చూడండి, మడత అంచు దగ్గరే తగులుతుంది. లోపలి ముక్క తిరగబడిందే గానీ పెద్దగా సాగలేదు. శక్తంతా ఆ అంచు రింగులోనే ఖర్చవుతుంది. అందుకే బక్లింగ్ (ఇలా ఒత్తిడికి వంగడం, సొట్టపోవడం) మొదలయ్యాక కాలమ్ వంగి కూడా దాదాపు అదే లోడు మోస్తుంది, గోళం మాత్రం ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ముందే రేకు మందమంత లోతు సొట్ట ఉంటే చాలు, బలం ఐదో వంతుకి పడిపోవచ్చు.

"పాతికేళ్లొచ్చాయి, ఇంకా బంతులేట్రా నీకు?" అంది అమ్మ. ఆవిడ మాత్రం స్టీలు బిందె కొనేటప్పుడు ముందు చుట్టూ అరచేత్తో తడిమి సొట్టలు చూస్తుంది. ఇంజినీరింగ్ చదివిన నేను ఆ పని చెయ్యలేదు.

ఈ లోపాల లెక్కని 1945లో కొయిటర్ అనే డచ్ ఇంజినీరు థీసిస్‌గా రాశాడు. రాసింది డచ్‌లో, అందుకే బయటివాళ్లకి చాలా ఏళ్లు అందలేదు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్కులతో తిప్పలు పడ్డవాణ్ణి కదా, ఈ ముక్క ఒక్కసారికే గుర్తుండిపోయింది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. అదే గోళానికి రేకు 10 మిల్లీమీటర్లయితే ఫార్ములా 24.2 మెగాపాస్కల్స్ ఇస్తుంది. కానీ 5 దగ్గరే స్ట్రెస్ 250కి చేరి ఉక్కు ఈల్డ్ అయిపోతుంది. పల్చటి దాంట్లో సొట్ట, మందం దాంట్లో ఈల్డ్. రెండూ వేసి చూశాకే నోరు విప్పండి.

మా ఊరి పైడితల్లి జాతరలో, కొసన పూజారిని కూర్చోబెట్టే పొడవాటి సిరిమాను కోట వైపు కదులుతుంటే జనం దండం పెడుతున్నారు, నేను మాను కొస ఊగుడు చూసి బెండింగ్ మూమెంట్ గీసుకుంటున్నాను. ఇంతలా తయారై రెండో ఇంటర్వ్యూకి వెళ్తే, నలభై నిమిషాలూ గేర్ల మీదే అడిగారు.