టూల్‌చైన్ మీది కాదు, ప్రాజెక్టుది: జర్మనీకి ఎంబెడెడ్ పనికి వచ్చేవాళ్ల కోసం

స్టుట్‌గార్ట్, మ్యూనిక్ చుట్టుపక్కల కార్ల కంట్రోలర్లు, ఫ్యాక్టరీ యంత్రాల బోర్డులు తయారుచేసే సంస్థల్లో చేరే మన ఇంజినీర్లలో చాలామంది సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసి వచ్చినవాళ్లే. సీ, సీ++ బాగానే వస్తాయి. కానీ అక్కడ రాసిన ప్రోగ్రామ్ అక్కడే నడిచేది. ఇక్కడ రాసేది ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద, నడిచేది ఆర్మ్ బోర్డు మీద. ఈ రెంటి మధ్యా ఉండే క్రాస్ కంపైలర్ (ఒక రకం ప్రాసెసర్ మీద నడుస్తూ ఇంకో రకానికి కోడ్ తయారుచేసేది), లింకర్, సీ లైబ్రరీ, హెడర్లు అన్నీ కలిపి టూల్‌చైన్. మొదటి వారాల్లో కాళ్లకు అడ్డం పడేది ఇదే.

ముందు పేరు చదవడం నేర్చుకోవాలి. ఆర్మ్-లైనక్స్-గ్నూఈఏబీఐహెచ్‌ఎఫ్ అంటే 32 బిట్ ఆర్మ్, లైనక్స్, జీలిబ్‌సీ (లైనక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ), దశాంశ సంఖ్యలు హార్డ్‌వేర్ రిజిస్టర్లలో పంపే హార్డ్ ఫ్లోట్ పద్ధతి. ఏఆర్చ్64-లైనక్స్-గ్నూ 64 బిట్‌ది. ఆర్మ్-నన్-ఈఏబీఐ అంటే కింద ఆపరేటింగ్ సిస్టమే లేదు, కార్టెక్స్-ఎం మైక్రోకంట్రోలర్లకు వాడేది. అయితే పేరునే పూర్తిగా నమ్మకూడదు. యోక్టో (బోర్డుకి సొంత లైనక్స్ కట్టుకునే ప్రాజెక్టు) ఇచ్చే ఎస్‌డీకేలో, అంటే టూల్‌చైన్ కట్టలో, కంపైలర్ పేరు ఆర్మ్-పోకీ-లైనక్స్-గ్నూఈఏబీఐ అనే ఉంటుంది, చివర హెచ్‌ఎఫ్ కనపడదు. హార్డ్ ఫ్లోట్ సంగతి, సిస్‌రూట్ (బోర్డు లైబ్రరీలు, హెడర్ల నకలు ఉండే డైరెక్టరీ) దారి ఆ ఎస్‌డీకేతో వచ్చే ఎన్విరాన్‌మెంట్-సెటప్ స్క్రిప్ట్ పెట్టే సీసీ వేరియబుల్‌లో ఉంటాయి. స్క్రిప్ట్‌ని సోర్స్ చేయకుండా కంపైలర్‌ని నేరుగా పిలిస్తే ఎస్‌టీడీఐఓ హెడర్ లేదంటుంది, లేదా స్టబ్స్-సాఫ్ట్ అనే హెడర్ దొరకలేదంటుంది. ఆ రెండోది చూసి హెడర్ కోసం వెతుకుతూ పూట గడిపేవాళ్లున్నారు. అది హార్డ్ ఫ్లోట్ ఫ్లాగ్ పడలేదని చెప్పడం, అంతే. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ స్క్రిప్ట్ సోర్స్ చేయాలి. మేక్‌ఫైల్‌లో ఎవరో సీసీ అంటే జీసీసీ అని గట్టిగా రాసిపెట్టి ఉంటే స్క్రిప్ట్ చేసిందంతా వృథా.

బోర్డు మీద వచ్చే ఎర్రర్లు ఇంకా తప్పుదారి పట్టిస్తాయి. ‘ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్’ అంటే సూటిగా ప్రాసెసర్ తేడా, దాదాపు ఎప్పుడూ ల్యాప్‌టాప్ కోసం కట్టిన ఫైల్ పొరపాటున వెళ్లిందన్నమాట. చిక్కంతా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’తోనే. ఎల్‌ఎస్ కొడితే ఫైల్ కళ్లముందే ఉంటుంది. లేనిది ఆ ఫైల్ కాదు, అది అడిగే డైనమిక్ లోడర్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు దానికి కావాల్సిన లైబ్రరీలను ఎక్కించేది. హార్డ్ ఫ్లోట్ ప్రోగ్రామ్ ఎల్‌డీ-లైనక్స్-ఆర్మ్‌హెచ్‌ఎఫ్ పేరుతో ఉన్న లోడర్‌ని అడుగుతుంది. సాఫ్ట్ ఫ్లోట్ ఇమేజ్‌లోనో (ఇమేజ్ అంటే బోర్డులోకి ఎక్కించే మొత్తం సాఫ్ట్‌వేర్ కట్ట), జీలిబ్‌సీ బదులు మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ వాడిన ఇమేజ్‌లోనో ఆ పేరుతో ఏమీ ఉండదు. ప్రోగ్రామ్ ఫైల్ లోపలి వివరాలు చూపించే రీడ్‌ఎల్ఫ్‌ని చిన్న ‘ఎల్’ ఆప్షన్‌తో నడిపితే ఏ లోడర్ కావాలో ఒక వరుసలో చెబుతుంది. పెద్ద ‘ఏ’ ఆప్షన్‌తో ఫ్లోట్ పద్ధతి తెలుస్తుంది.

మూడోది జీలిబ్‌సీ వెర్షన్. ఉబుంటు 22.04లో ఏపీటీతో వేసుకున్న క్రాస్ కంపైలర్ జీలిబ్‌సీ 2.35తో కడుతుంది. బోర్డులో డెబియన్ 11 ఉంటే అక్కడిది 2.31. నాలుగు వరుసల ప్రోగ్రామ్ కూడా ‘2.34 లేదు’ అని ఆగిపోతుంది. కారణం: 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో థ్రెడ్ల కోసం ఉన్న పీథ్రెడ్ లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర పడింది. ల్యాప్‌టాప్ లైబ్రరీని బోర్డుకి కాపీ చేయడం దీనికి మందు కాదు, బోర్డు మళ్లీ బూట్ అవడమే ఆగిపోవచ్చు. బోర్డు ఇమేజ్‌తో పాటే పుట్టిన ఎస్‌డీకే సిస్‌రూట్‌తో కట్టాలి. యోక్టోలో ఆ ఇమేజ్‌కే పాపులేట్-ఎస్‌డీకే పని నడిపితే సరిగ్గా సరిపోయే ఎస్‌డీకే వస్తుంది.

సిస్‌రూట్ సరిగ్గా ఉన్నా, లైబ్రరీలు ఎక్కడున్నాయో బిల్డ్‌కి చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ మోసం చేస్తుంది. ఏమీ చెప్పకపోతే అది ల్యాప్‌టాప్ లైబ్రరీల దారులు ఇస్తుంది. పీకేజీ-కాన్ఫిగ్ లిబ్‌డిర్, సిస్‌రూట్-డిర్ వేరియబుల్స్ రెండూ బోర్డు సిస్‌రూట్ వైపు తిప్పాలి, ఒకటి పెట్టి ఇంకోటి వదిలేస్తే సగం దారులు ఇటు, సగం అటు. బిల్డ్‌ని అమర్చే సీమేక్‌లో టూల్‌చైన్ ఫైల్ రాసి, ప్రోగ్రామ్‌లు వెతికే మోడ్‌ని ‘నెవర్’, లైబ్రరీలు, హెడర్ల మోడ్‌ని ‘ఓన్లీ’ అని పెట్టండి. టూల్‌చైన్ ఫైల్ మార్చాక బిల్డ్ డైరెక్టరీ మొత్తం తీసేయాలి. సీమేక్ కంపైలర్‌ని మొదటిసారే గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఎంత మార్చినా పట్టించుకోదు.

ఇక జర్మనీకే ప్రత్యేకమైన తంటా ఒకటుంది. ఆఫీసు ఇచ్చే లైనక్స్ జర్మన్ లొకేల్‌లో (భాష, అంకెల రాత అమరికలో) ఉంటే మేక్ ‘ఎర్రర్ 1’ అనదు, ‘ఫేలర్ 1’ అంటుంది. లాగ్‌లో ‘ఎర్రర్’ అనే మాట కోసం వెతికే స్క్రిప్ట్ బిల్డ్ పగిలినా పచ్చజెండా ఊపుతుంది. అంతకన్నా ప్రమాదం దశాంశ బిందువు. జర్మన్‌లో అక్కడ కామా రాస్తారు. వరుస సంఖ్యలు రాసే సీక్ లాంటి కమాండ్‌తో సీ హెడర్‌లో పట్టిక తయారుచేసే స్క్రిప్ట్ 0.5 బదులు ‘0,5’ అని రాసిందనుకోండి, సీ అర్రే లోపల అది రెండు విలువలు. పరిమాణం రాయని అర్రే అయితే కంపైలర్ ఒక్క మాట కూడా అనదు. బిల్డ్ స్క్రిప్ట్ మొదటి వరుసలోనే లొకేల్‌ని నిర్ణయించే ఎల్‌సీ-ఆల్‌ని ‘సీ’ అని పెట్టేయండి.

మైక్రోకంట్రోలర్ల వైపు వెళ్తే కార్టెక్స్-ఎం4కి ప్రాసెసర్ పేరు, థంబ్ (ఆర్మ్ చిన్న సూచనల పద్ధతి), ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు చేసే భాగం) రకం, హార్డ్ ఫ్లోట్ ఈ నాలుగు ఫ్లాగులూ కంపైల్ చేసేటప్పుడూ లింక్ చేసేటప్పుడూ ఒకేలా ఉండాలి. బయటి నుంచి వచ్చిన ఒక్క లైబ్రరీ సాఫ్ట్ ఫ్లోట్‌తో కట్టి ఉన్నా లింకర్ ‘వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్’ అని గొడవ పెడుతుంది. ఎం4 ఎఫ్‌పీయూ సింగిల్ ప్రెసిషన్ మాత్రమే. 0.1 తర్వాత ‘ఎఫ్’ రాయకపోతే లెక్క డబుల్‌కి మారి సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా నడుస్తుంది. మైక్రోకంట్రోలర్ల చిన్న సీ లైబ్రరీ న్యూలిబ్ నానోతో ప్రింట్‌ఎఫ్ దశాంశ సంఖ్య దగ్గర ఖాళీ చూపిస్తే, ప్రింట్‌ఎఫ్-ఫ్లోట్ గుర్తుని లింకర్‌కి చిన్న ‘యు’ ఆప్షన్‌తో అడగాలి. ఇంకో పాత పాము: ఎక్స్86లో క్యార్ సైన్డ్, ఆర్మ్‌లో అన్‌సైన్డ్, అంటే రుణసంఖ్య పట్టదు. గెట్‌క్యార్ ఫలితాన్ని క్యార్‌లో దాచి ఈఓఎఫ్‌తో (ఫైల్ అయిపోయిందని చెప్పే రుణసంఖ్యతో) పోల్చే లూప్ ల్యాప్‌టాప్‌లో ఆగుతుంది, బోర్డు మీద ఆగదు.

కొత్తగా వచ్చినవాళ్లు చేసే పెద్ద సాంస్కృతిక పొరపాటు కంపైలర్‌ని అప్‌గ్రేడ్ చేయడం. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ కారు భద్రతకు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌కి ఐఎస్‌ఓ 26262లో ఎనిమిదో భాగం వాడే పనిముట్ల మీద కూడా నమ్మకాన్ని రుజువు చేయమంటుంది. కంపైలర్ వెర్షన్, ఫ్లాగులు అన్నీ కాగితం మీద ఉంటాయి. ఒక ఆప్టిమైజేషన్ స్థాయి మార్చినా పరీక్షలు మళ్లీ చేయాల్సి రావచ్చు. పాత జీసీసీ కనిపించిందని జాలిపడకండి, ఎందుకు ఆ వెర్షనో ముందు అడగండి, జవాబు సాధారణంగా ఏదో ఫైల్‌లో ఉంటుంది, చాలాసార్లు జర్మన్‌లో. దీనికి తోడు ఐరోపా సైబర్ రెజిలియెన్స్ చట్టం 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. ఉత్పత్తిలో ఏ సాఫ్ట్‌వేర్ భాగాలున్నాయో జాబితా ఉండాలి. యోక్టో ఆ జాబితాని ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక రూపంలో తనే తయారుచేస్తుంది. చేత్తో కాపీ చేసి ఇమేజ్‌లో పడేసిన లైబ్రరీ అందులో కనపడదు.

యోక్టో మొదటి బిల్డ్‌కి 100 జీబీకి పైగా ఖాళీ చోటు, కొన్ని గంటల ఓపిక కావాలి. డౌన్‌లోడ్స్, ఎస్‌స్టేట్ (ముందే కట్టిన భాగాలు దాచే) డైరెక్టరీలు టీమ్ అంతటికీ ఒకే చోట పెడితే రెండోవాడికి ఆ గంటలు తగ్గుతాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) వాడితే సీ డ్రైవ్ మీద కట్టకండి, లైనక్స్ ఫైల్ సిస్టమ్ లోపలే కట్టండి.

హైదరాబాద్ టీమ్‌తో కలిసి చేసే ప్రాజెక్టుల్లో బోర్డులు ఎక్కువగా ఇక్కడి ల్యాబ్‌లోనే ఉంటాయి. వేళల తేడా ఎండాకాలం మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర. ఇక్కడి చట్టం ప్రకారం రెండు పనిదినాల మధ్య 11 గంటల విశ్రాంతి ఉండాలి కాబట్టి రాత్రి పది గంటలకు జర్మన్ సహోద్యోగి జవాబివ్వలేదని నొచ్చుకోకండి. అందుకే ‘పనిచేయడం లేదు’ అని పంపితే ఒక రోజు పోయినట్టే. ఎస్‌డీకే వెర్షన్, బిల్డ్ ఐడీ (ఆ బిల్డ్‌ని గుర్తుపట్టే ముద్ర), కోర్ ఫైల్ (ప్రోగ్రామ్ కూలినప్పటి మెమరీ నకలు) మూడూ పంపండి. బోర్డుకి వెళ్లే ఫైల్‌ని స్ట్రిప్ చేసినా (డీబగ్ సమాచారం తీసేసినా), స్ట్రిప్ చేయని అసలు ఫైల్‌ని అదే బిల్డ్ ఐడీతో దాచాలి. మళ్లీ కట్టి సరిపెట్టుకుందామంటే అడ్రసులు మారిపోవచ్చు. కోర్ ఫైల్ తెరిచేవాళ్లు జీడీబీ డీబగ్గర్‌లో సిస్‌రూట్‌ని ఎస్‌డీకేలోని బోర్డు సిస్‌రూట్‌కి పెట్టుకోవాలి, లేకపోతే అది ల్యాప్‌టాప్ లైబ్రరీలతో పోల్చి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏది పిలిచిందో చూపే జాబితా) నిండా ప్రశ్నార్థకాలే చూపిస్తుంది.