ఫ్యానీ క్రాస్బీ ధారణ

చెన్నైలో మా తెలుగు సంఘపు గాయక బృందానికి ఫ్యానీ క్రాస్బీ పాటలు కొత్త కావు గాని, ఆమె జీవితం మాలో చాలామందికి తెలియదు. ఎనిమిది వేలకు పైగా క్రైస్తవ గీతాలు రాసిన అంధురాలు అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాము. అన్ని పాటలు ఎలా రాయగలిగారన్నది నన్ను ఎప్పటినుంచో పట్టుకున్న ప్రశ్న.

ఆమె 1820 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలోని పుట్నమ్ కౌంటీలో పుట్టారు. ఆరు వారాల పసికందుగా ఉండగా కళ్ళు వాచాయని, వైద్యుడినని చెప్పుకొన్న ఒకతను వేసిన ఆవపిండి పట్టు వల్లనే చూపు పోయిందని ఆ ఇంటివారు నమ్మారు. ఆ ఏడే తండ్రి పోయారు. తల్లి పనికి వెళ్తుంటే అమ్మమ్మ యూనిస్ పెంచారు. పువ్వులనూ పక్షులనూ మాటలతో వర్ణించి చెప్పినదీ, బైబిలు వాక్యాన్ని నోటికి నేర్పడం మొదలుపెట్టినదీ ఆమెయే. వారానికి ఐదేసి అధ్యాయాల చొప్పున వల్లె వేస్తూ, పదిహేనేళ్ళు నిండేనాటికి ఫ్యానీ నాలుగు సువార్తలను, పంచకాండాలను (బైబిలులోని మొదటి ఐదు పుస్తకాలను), సామెతలను, పరమగీతాన్ని, ఎన్నో కీర్తనలను కంఠస్థం చేశారు.

నా దృష్టిలో ఆ ఎనిమిది వేల పాటలకు మూలం ఇదే. ఆమె పాటను మనసులోనే కట్టి, దిద్ది, ఒక్కోసారి అనేక పాటలను అలాగే నిలుపుకొని, తరువాత ఎవరిచేతనైనా రాయించేవారు. పృచ్ఛకులు ఎంత చెదరగొట్టినా పద్యాలన్నీ పట్టి ఉంచుకొని చివర ఒప్పజెప్పే అవధాని ధారణ మనకు తెలుసు గనుక, ఆమె పని ఎంత కఠినమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

1835లో న్యూయార్క్ అంధుల విద్యాలయంలో చేరి, చదువు ముగిశాక 1858 వరకు అక్కడే పాఠాలు చెప్పారు. ఆ ఏడే అంధుడైన సంగీతజ్ఞుడు అలెగ్జాండర్ వాన్ ఆల్‌స్టైన్‌ను పెళ్ళాడారు. వారికి పుట్టిన ఒక్క బిడ్డ పసితనంలోనే చనిపోయింది.

1864లో సంగీతకర్త, పాటల పుస్తకాల ప్రచురణకర్త విలియం బ్రాడ్‌బరీ కోసం రాయడం మొదలుపెట్టాక పాటే ఆమె వృత్తి అయింది. పాటకు ఒకటి రెండు డాలర్లు ముట్టేవి, హక్కులు ప్రచురణకర్తలవి. ఒకే పుస్తకంలో ఒకే పేరు పదేపదే కనబడకూడదని ఆమె పాటలను సుమారు రెండు వందల మారుపేర్లతో అచ్చువేశారు. అడిగినప్పుడల్లా రాసినవి కావడంతో చాలా పాటలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా కూలికి రాసినంత మాత్రాన భక్తి పలచబడుతుందని నేను అనుకోను. 1868లో సంగీతకర్త విలియం డోన్ ఒక బాణీ వినిపించి, రైలుకు ఇంకా నలభై నిమిషాలే ఉన్నదని చెప్పినప్పుడు, ఆ వ్యవధిలోనే ఆమె ‘సేఫ్ ఇన్ ది ఆర్మ్స్ ఆఫ్ జీసస్’ కట్టి చేతికిచ్చారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు ఆ పాట ఎంతో ఆదరణగా నిలిచింది. ఆ తొందర వెనుక, మరణించిన తన బిడ్డ కూడా ఉన్నదని నా నమ్మకం.

‘బ్లెసెడ్ అష్యూరెన్స్’ దారి కూడా ఇదే. 1873లో స్నేహితురాలు ఫీబీ నాప్ తాను కట్టిన బాణీని వాయించి వినిపించగా, దానికి మాటలు ఆమె కట్టారు. పల్లవిని నాలుగు రకాల గొంతులతో వేర్వేరు వరుసల్లో పాడేటప్పుడు ఆల్టోవారు (స్త్రీలలో కింది స్థాయిలో పాడేవారు) కూడా ఎక్కడా తడబడరు, పదం ఎక్కడ విరగాలో అక్కడే బాణీ విరుగుతుంది గనుక. బాణీని చెవితో పట్టి, దాని నడకకు మాటను తూచి వేసేవారికే ఆ నేర్పు అబ్బుతుంది.

ఆ తరువాతి దశాబ్దాల్లో ఆమె న్యూయార్క్ పేదవాడల్లోని మిషన్లకు వెళ్ళి, తాగుడుకు బానిసలైనవారి పక్కన కూర్చొని మాట్లాడేవారు. చేతికొచ్చిన డబ్బులో చాలా భాగం ఇచ్చేసేవారు. తొంభై దాటాక కూడా పాటలు మానలేదు. 1915 ఫిబ్రవరి 12న బ్రిడ్జ్‌పోర్ట్‌లో కన్నుమూశారు.

మా బృందం కొత్తగా కూర్చుకుంటున్న పాటల పుస్తకంలో ప్రతి పాట కింద రచయిత పేరు వేయాలని అడిగాను. పాత ప్రతుల్లో మారుపేరు ఉన్నచోట, ఆ పాట ఆమెదేనని రుజువైతే, ఫ్యానీ క్రాస్బీ అనే వేస్తున్నాము.