నల్లంచు పిజ్జా కోసం షికాగోలో

షికాగోలో డీప్ డిష్ పిజ్జా, అంటే లోతైన పెనంలో చేసే మందపాటి పిజ్జా, ఎక్కడ తినాలని అడిగితే తలా ఒక పేరు చెప్తారు. చెప్పి ఊరుకోరు, పక్కవాళ్ళు చెప్పిన చోటికి వెళ్ళొద్దని కూడా చెప్తారు. అక్టోబరులో షికాగో శివారు నేపర్‌విల్‌లో అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఇది బాగా తెలిసింది. అన్నయ్య ఆఫీసు స్నేహితులు లూ మాల్నాటీస్ అన్నారు. అరోరా బాలాజీ గుళ్ళో కలిసిన ఒక పెద్దావిడ జొర్డానోస్ అన్నారు, పిల్లలకు అక్కడి పాలకూర పిజ్జా ఇష్టమట. మా మేనల్లుడు మాత్రం "అత్తా, పీక్వాడ్స్‌కి వెళ్దాం. అక్కడ పిజ్జా అంచు నల్లగా ఉంటుంది" అన్నాడు. అన్నయ్య నవ్వి, "ఈ ఊరివాళ్ళు మామూలుగా తినేది పల్చటి పిజ్జా, చదరం ముక్కలుగా కోస్తారు. ఈ మందపాటిది చుట్టాలు వచ్చినప్పుడే" అన్నాడు. ఆ మాట తర్వాత చాలామంది నోట విన్నాను.

మేనల్లుడి మాటే నెగ్గింది. మెట్రా అనే శివారు రైల్లో వచ్చి యూనియన్ స్టేషన్‌లో దిగి, నది దాటి, క్విన్సీ స్టేషన్లో బ్రౌన్ లైన్ అనే సిటీ రైలు ఎక్కాం. లూప్ అనే ఆ ఇనుప పట్టాల చట్రం 1897 నుంచీ నడుస్తోంది. మేడల కిటికీల పక్కనుంచి రైలు మలుపు తిరిగినప్పుడల్లా చక్రాలు కీచుమంటాయి. ఆర్మిటేజ్‌లో దిగి, వెబ్‌స్టర్ వీధి పట్టుకుని పడమరకు నడిచాం. ఎర్ర ఇటుక ఇళ్ళు, ఎండిన ఆకులు, చలిగాలి. క్లైబోర్న్ వీధిలోకి రాగానే కార్టూన్ తిమింగలం బొమ్మ కనబడింది. పీక్వాడ్ అన్నది ఒక పాత అమెరికన్ నవలలో తిమింగలాల వేటకు బయల్దేరే ఓడ పేరు. పిజ్జాకీ తిమింగలానికీ ఏ సంబంధమూ లేదు, పెట్టినాయనకు అలాంటి పేర్లంటే సరదా. ఆయన అంతకుముందు పెట్టిన కొట్టు పేరు గలివర్స్.

ఆయన పేరు బర్ట్ కాట్జ్. 1970ల మొదట్లో ఊరి శివారైన మోర్టన్ గ్రోవ్‌లో పీక్వాడ్స్ పెట్టి, కొన్నేళ్ళకు అమ్మేశారు. మేం వెళ్ళిన ఈ క్లైబోర్న్ కొట్టు ఆ తర్వాత వచ్చింది. 1989లో అదే మోర్టన్ గ్రోవ్‌లో బర్ట్స్ ప్లేస్ అని ఇంకోటి తెరిచారు. అప్పట్లో అక్కడ పిజ్జా కావాలంటే ముందే ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చేది, వంట ఆయనే చేసేవారు. 2016లో ఆయన పోయారు. ఇక్కడ వంటవాళ్ళను ఇంటి మనిషిలా తలుచుకుంటారని మా వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన మాటల్లో తెలిసింది. 1970ల నుంచీ ఈ పిజ్జా తింటున్నారట. "ఈ నల్లంచు ఆయన చేతిది. ఇక్కడా బాగుంటుంది, కానీ నా మనసు మోర్టన్ గ్రోవ్‌లోనే ఉంది" అన్నారు. బర్ట్స్ ప్లేస్‌ను 2017లో కొత్తవాళ్ళు మళ్ళీ తెరిచారు, ఆ పెద్దాయన ఇప్పటికీ అక్కడికి వెళ్తారట.

లోపల సగం బార్, సగం హోటల్. వెలుతురు తక్కువ, టీవీల్లో ఆట, బల్లల మీద మోచేతులు ఆనించి కూర్చున్న జనం. ఇలాంటి పిజ్జా ఉడకడానికి అరగంట పైనే పడుతుంది కాబట్టి ఎదురుచూడక తప్పదు. ఆ ఎదురుచూపులోనే నాకు కావలసినన్ని అభిప్రాయాలు దొరికాయి.

ఎందుకంత సేపంటే, పిండి లోతైన పెనం గోడల దాకా పరుస్తారు, లోపల జున్ను (చీజ్), కూరగాయలు లేదా మాంసం నింపుతారు. 1943లో ఓహాయో వీధిలో మొదలైన పిజ్జేరియా ఊనోలో ఈ పద్ధతి పుట్టిందని చెప్తారు. అసలు ఎవరి బుర్రలో పుట్టిందన్న దాని మీద మాత్రం ఇప్పటికీ తగువే. అంతసేపు పొయ్యిలో ఉంటే పైన ఉన్న జున్ను మాడుతుంది. అందుకే ఊనో పద్ధతిలో జున్ను కిందా టమాటా పైనా వేస్తారు. బర్ట్ కాట్జ్ ఆ మాడటాన్నే రుచి చేశారు. పిండి అంచుకీ పెనం గోడకీ మధ్య జున్ను వేస్తే, అది వేడి లోహానికి ఆనుకుని కరిగి, నెయ్యి వదిలి, ఎర్రబడి, చివరికి నల్లటి కరకరలాడే గోడ కడుతుంది. బాగా కాలిన దిబ్బరొట్టె అడుగు తిన్నవాళ్ళకు ఆ రుచి కొత్తగా ఉండదు. చేదుకు ఒక్క అడుగు ముందు ఆగిపోయే రుచి అది. ఆ అడుగు ముందు ఆపడమే చెయ్యి తిరిగినతనం.

పక్క బల్ల దగ్గర డీపాల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒకమ్మాయి, ఆమె స్నేహితుడు ఈ అంచు మీదే వాదించుకుంటున్నారు. అతనికి అది మాడు వాసన. మధ్య ముక్క మెత్తగా, టమాటా రసంతో బాగుందంటాడు. ఆ అమ్మాయి మాకు కూడా వినబడేలా, "అంచు లేకపోతే ఇంతదూరం రావడం దేనికి?" అంది. మమ్మల్ని చూసి ఇంకో మాట చెప్పింది: పెద్దది ఒకటి కాకుండా చిన్నవి తెప్పించుకోండి, అంచు ఎక్కువొస్తుంది. మేనల్లుడు కాగితం రుమాలు మీద లెక్క వేశాడు. పద్నాలుగు అంగుళాల పెనం ఒకటీ ఏడంగుళాల పెనాలు నాలుగూ విస్తీర్ణంలో సమానం, కానీ అంచు పొడవు చూస్తే చిన్నవాటిది రెండింతలు. మేం అప్పటికే పెద్దది చెప్పేశాం.

వదిన మాంసం తినదు, అందుకని పుట్టగొడుగులు, ఉల్లిపాయ, హలపీన్యో మిరపకాయలు వేయమన్నాం. సాసేజ్ లేని పిజ్జా షికాగో పిజ్జాయే కాదని ఇక్కడివాళ్ళలో చాలామంది నమ్మకం. అది నేను ఒప్పుకోను. పుట్టగొడుగుల నీరు టమాటాలో కలిసి, మిరపకాయ ఘాటు జున్ను బరువును చీల్చుకుంటూ పైకొస్తుంటే నాకు ఏ లోటూ కనబడలేదు. వదిన మొదటి ముక్క సగంలోనే "జున్ను మరీ ఎక్కువమ్మా, రెండో ముక్క నా వల్ల కాదు" అంది. అయినా చేతిలోని అంచు మాత్రం వదల్లేదు, అన్నయ్య పళ్ళెంలోది కూడా తీసుకుంది. అన్నయ్యకు పల్చటి పిజ్జాయే ఇష్టం, ఆ మాట మీదే ఉన్నాడు. వడ్డించే ఆవిడను "మీరేం తింటారు?" అని అడిగితే, అంచు బాగా నల్లబడ్డ ముక్క వేలితో చూపించి, "దీనికోసం మా వంటింట్లో కూడా పోట్లాటే" అంది.

నా మాట అడిగితే, డీప్ డిష్ మీద వచ్చే విమర్శ చాలావరకు మధ్య ముక్క గురించే. బరువు, తడి, రొట్టెకన్నా కూర ఎక్కువ. అంచు దగ్గర ఆ మాటలేవీ నిలవవు. చుట్టాలకు చూపించే వస్తువని ఈ పిజ్జాను తేలిగ్గా తీసేసేవాళ్ళు ఆ అంచు దగ్గరికి వచ్చి మాట్లాడితే బాగుంటుంది.

మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చుకున్నాం. పొద్దున వదిన వాటిని మైక్రోవేవ్‌లో పెట్టనివ్వలేదు. పెనం మీద సన్నసెగన మూతపెట్టి వేడిచేస్తే అడుగు మళ్ళీ కరకరలాడింది.

తిరుగు ప్రయాణానికి ముందు, పని రోజున మధ్యాహ్నం, మేనల్లుడూ నేనూ మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఇద్దరికీ రెండు చిన్న పెనాలు, వాడిది సాసేజ్, నాది పాలకూర. చుట్టూతా అంచే. వాడు మొదట మధ్య భాగం తినేసి అంచు చివరికి దాచుకుంటాడు. నేను అంచుతోనే మొదలుపెట్టాను.