అమ్మమ్మ వంటింటి బండలు ఈ ఊరివే

మా చెల్లికి తాడిపత్రి బదిలీ అయిందనగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఇంకేం, గండికోట చూసి రావచ్చు" అని. తాడిపత్రిలో ఏముందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. జనవరిలో సెలవు పెట్టి, పాలకొల్లు నుంచి రెండు రైళ్లు మారి వెళ్లాను. గండికోట మొదటి రోజే చూశాం. పెన్నా లోయ ఫోటోల్లో కంటే బాగుంది, జనం బాగా ఉన్నారు, దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నాను.

రెండో రోజు పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బెలూం గుహలకి బయల్దేరాను. చెల్లికి డ్యూటీ, నేనొక్కదాన్నే. ఉన్నది 30 కిలోమీటర్లే, కానీ బస్సు వేళలు కుదరక ఆటో అడిగితే 1,500 అన్నాడు. బేరమాడి 1,200కి దిగాడు గానీ, ఆ డబ్బుకి మా వైపు కారే వస్తుందని దారంతా మనసులో గొణుక్కుంటూనే ఉన్నాను.

గుహలో దిగిన పది నిమిషాలకే చెమట. లోపలికి గాలి గొట్టాలు వేశారు, అయినా ఉక్కే. మొత్తం 3,229 మీటర్లు, మనం నడవగలిగేది అందులో సగం. ఈ గుహల సంగతి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర రాశాడు, మళ్లీ వందేళ్లకి జర్మన్లు వచ్చి కొలిచారు, 2002లో గానీ జనానికి తెరవలేదు. పాతాళగంగ దగ్గర, నేల కింద 46 మీటర్ల లోతున నీళ్ల చప్పుడు వింటూ ఎంతసేపైనా ఉండిపోవచ్చు. నాకు ఒళ్లు మండింది సప్తస్వరాల గుహలో. పైనుంచి వేలాడే రాళ్లు తడితే మోగుతాయని ఒకాయన పిల్లాడి చేత వాటర్ బాటిల్‌తో కొట్టిస్తున్నాడు! ఆ రాయి చుక్క చుక్కగా దిగడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టి ఉంటుంది? వద్దండీ అంటే నన్ను ఎగాదిగా చూశాడు.

బయటికొచ్చాక ఆటో అన్నతో ఆ మాటే చెప్పుకుని బాధపడ్డాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఇదంతా మా బండల రాయే కదక్కా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. దారిలో ఒక బండల ఫ్యాక్టరీ దగ్గర ఆటో ఆపాడు. ఆటో కొనకముందు ఆయన పదకొండేళ్లు అక్కడే పనిచేశాడట. షెడ్డు కింద బూడిదరంగు బండలు నిలువుగా పేర్చి ఉన్నాయి. ఒకతను ఉలి అంచు మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే, పొర మొత్తం పుస్తకంలో పేజీలా విడిపోయింది. ఆటో అన్న ఒక బండ మీద చెంబుడు నీళ్లు పోసి అరచేత్తో రుద్దాడు. బూడిదరంగు పోయి నల్లగా, నున్నగా మెరిసింది.

ఆ నలుపు నాకు తెలుసు. అమ్మమ్మ వంటిల్లు కడిగాక అచ్చం అలాగే ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు కొంగు పరుచుకుని ఆ బండల మీదే పడుకునేది, నేను పక్కన బుగ్గ ఆనించి చల్లదనం చూసేదాన్ని. మేము నాపరాళ్లు అనేవాళ్లం. లారీల్లో ఇక్కడినుంచే వచ్చాయని ఎప్పుడూ ఆలోచించలేదు.

"గుహైనా బండైనా ఒకటే రాయక్కా. నీళ్లు తినింది గుహ, మేం కోసింది బండ" అన్నాడు. ఆయన బొటనవేలి గోరు సగం లేదు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. దిగేటప్పుడు 1,500 చేతిలో పెట్టాను.

మూడో రోజు ఊళ్లోనే ఉండిపోయాను. చింతల వెంకటరమణస్వామి గుడిలో గరుడ మండపం రాతి రథంలా ఉంటుంది, చక్రాలతో సహా. కానీ నన్ను కదలనివ్వనిది పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. విజయనగర రాజుల కింద ఈ ప్రాంతాన్ని ఏలిన పెమ్మసాని నాయకుల కాలానిది. లింగం అడుగున నీళ్లు ఊరుతూనే ఉంటాయి, అందుకే బుగ్గ, అంటే నీటి ఊట. అక్కడి గోపురాలు పూర్తి కాలేదు. అడుగు నుంచి జానెడు ఖాళీ లేకుండా లతలు, హంసలు, మకరం మీద నిలబడ్డ స్త్రీలు చెక్కుకుంటూ వచ్చి, పైకి వెళ్లేసరికి ఆగిపోయారు. ఆ పైన ఆకాశమే. గండికోటకి వెళ్లే కార్లు ఈ ఊరి మీదుగా పోతూ ఒక్క గంట ఇక్కడ ఆగకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

సాయంత్రం అక్కడే కూర్చున్నాను. ఎదురుగా పెన్నా, అంతా ఇసుక, మధ్యలో సన్నటి పాయ. గోదావరి చూసిన కళ్లకి మొదట దిగులేసింది, తర్వాత అలవాటైంది. అమ్మకి ఫోన్ చేసి, టైల్స్ వేయించినప్పుడు అమ్మమ్మ వంటింటి రాళ్లు ఏం చేశారని అడిగాను.

"పారేస్తామేంటే? నూతి చుట్టూ పరిపించాం. రోజూ దాని మీదే నిలబడి నీళ్లు తోడుకుంటున్నాం కదా" అంది.