ప్రపంచ ప్రార్థన దినం: మా గుడి వంతు వచ్చినప్పుడు

ఏటా మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. సికింద్రాబాద్‌లో మా చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల స్త్రీలంతా ఏదో ఒక గుడిలో, అంటే చర్చిలో, కలుస్తారు. 2025లో మా గుడి వంతు. గుడిలోని ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రికి కార్యదర్శిని కాబట్టి పని నా మీద పడింది.

తేదీ మన చేతిలో ఉండదు. ఆ ఏడాది మార్చి 5న భస్మ బుధవారం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం (లెంటు) మొదటి రోజు; ఇంటర్ పరీక్షలూ ఆ రోజే మొదలు. 7వ తేదీ శుక్రవారం మా లెంటు కూడిక ఉంది. పరీక్షల పిల్లలున్న తల్లులు పగలు రాలేమన్నారు. రెండూ కలిపి సాయంత్రం పెట్టుకుందామని పాస్టర్ అయ్యగారు అన్నాక నాకు టెన్షన్ తగ్గింది.

"అందరూ చేసే ప్రార్థనే కదా, ఆడవాళ్ల ఆధ్వర్యంలో ఎందుకమ్మా?" అని కమిటీ పెద్దాయన ఒకరు అడిగారు. 1887లో అమెరికాలో మేరీ జేమ్స్ అనే ఆవిడ ఇచ్చిన ప్రార్థన పిలుపుతో మొదలై, 1927 నుంచి ప్రపంచమంతా జరుగుతోందని, ఇన్నేళ్లుగా దీన్ని నడిపింది స్త్రీలేనని, మగవాళ్లూ రావచ్చని చెప్పాను. ఆయన వచ్చారు, కుర్చీలు కూడా వేయించారు.

ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం (ఆ రోజు చదివే ప్రార్థనలు, వాక్యాల వరుస) రాస్తారు. ఆ రోజు అన్ని దేశాల్లో అదే చదువుతారు. ఈసారి రాసింది కుక్ దీవుల స్త్రీలు. వాక్యం బైబిల్లోని 139వ కీర్తనలోది: "భయమును ఆశ్చర్యమును నాకు పుట్టుచున్నవి." ఇంగ్లీషు క్రమాన్ని తెలుగులో రాసుకుని, భాగాలు పంచి, రిహార్సల్ పెట్టాం. అందరూ గడగడా చదివేస్తున్నారు. నాకు తృప్తి కలగలేదు. ఎవరి కోసం ప్రార్థిస్తున్నామో తెలియకుండా ఆ మాటలు పలకడం నాకు ఇష్టం లేదు.

అందుకే తర్వాతి రిహార్సల్‌కి పెద్ద మ్యాప్ తెచ్చి గోడకు తగిలించాను. పసిఫిక్ సముద్రంలో పదిహేను దీవులు, జనం సుమారు 15 వేలు. అంతకంటే ఎక్కువ మంది ఆ దీవులవాళ్లు న్యూజిలాండ్‌లో ఉంటున్నారని చెప్పగానే, ఇద్దరు కొడుకులూ అమెరికాలో ఉన్న ఒక పిన్నిగారు "అయితే అక్కడి అమ్మలూ ఫోన్ కోసం ఎదురుచూస్తారన్నమాట" అన్నారు. విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, ఆవిడకే ఇచ్చాం. శుక్రవారం సాయంత్రం ఆవిడ కాగితం చూసి సగమే చదివారు. మిగతాది ఆ తల్లుల కోసం, ఇక్కడి తల్లుల కోసం సొంతంగా చేశారు. గుడిలో చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

2026 క్రమం రాసింది నైజీరియా స్త్రీలు. వంతు వేరే గుడిది. మ్యాప్ మాత్రం మేమే తెస్తామని అప్పుడే చెప్పేశాం.