మాల తీసిన తరువాతి సాయంత్రం

తాగుడు మానాలనుకున్న మనిషికి మా వరంగల్ వైపు పెద్దవాళ్లు మొదట చెప్పే మాట ‘ఈసారి మాల వేసుకో’ అనే. అయ్యప్ప దీక్షకు ఆ శక్తి నిజంగానే ఉంది. 41 రోజుల మండలం పాటు తెల్లవారకముందే చన్నీటి స్నానం, నేల మీద పడక, చెప్పుల్లేని నడక, రెండు పూటలా పూజ ఉంటాయి. వీటన్నిటినీ మించి, నిన్నటిదాకా అతన్ని చూసి పక్కకు తప్పుకున్న వీధివాళ్లు కూడా ‘స్వామీ’ అని పిలుస్తారు. ఏళ్ల తరబడి ఇంట్లోనే గౌరవం పోగొట్టుకున్న వాడికి, కన్నబిడ్డలు ‘స్వామీ, భిక్షకు రండి’ అని పిలిచే పిలుపు ఏ మందూ ఇవ్వలేని బలాన్నిస్తుంది.

కష్టం మాల తీశాక మొదలవుతుంది. శబరిమల నుంచి తిరిగి వచ్చి, గుడిలో మాల తీసి, ఆ సాయంత్రమే వైన్స్ పక్కన పర్మిట్ రూములో కూర్చున్న వాళ్లను నేను చూశాను. వాళ్ల భక్తి దొంగభక్తి అని నేను ఎన్నడూ అనుకోలేదు. రోజు మొత్తాన్ని పట్టి ఉంచిన నియమాలన్నీ ఒక్క గంటలో తొలగిపోతే, ఆ ఖాళీని పాత అలవాటు నింపుతుంది. నేనూ తాగుడు మానిన మనిషినే కాబట్టి, ఆ ఖాళీ ఎంత పెద్దదో నాకు తెలుసు. భద్రకాళి చెరువు కట్ట మీద మేము కొందరం సాయంత్రాలు కలిసి పరుగెత్తడం మొదలుపెట్టింది దానికోసమే.

పరుగు అనగానే అందరూ తెల్లవారుజామునే ఎంచుకుంటారు. మానిన వాళ్ల విషయంలో మాత్రం సాయంత్రమే సరైనదని నా గట్టి అభిప్రాయం. పని ముగిసి, కడుపు ఖాళీగా ఉండి, ఒళ్లు అలసి, చేతిలో కూలి డబ్బులున్న సమయం అది. దారిలో వైన్స్ దీపాలు వెలిగేదీ అప్పుడే. తాగాలన్న కోరిక ఒక్కసారిగా లేచి, సాధారణంగా అరగంట లోపల తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట కట్ట మీద, తోటివాళ్ల మధ్య గడిచిపోతే, ఇంటికి చేరేసరికి మనిషి ధ్యాస అన్నం మీద ఉంటుంది.

మా పరుగుకు వాచీలు, లెక్కలు లేవు. ‘స్వామియే శరణమయ్యప్ప’ అని పైకి చెప్పగలిగినంత నెమ్మదిగా పరుగెత్తాలి. మాట తెగిపోతే వేగం ఎక్కువైనట్టు, వెంటనే నడకలోకి దిగాలి. పరుగెత్తుతూ మాట్లాడగలిగితే ఆ శ్రమ మితంగా ఉన్నట్టేనని వ్యాయామ నిపుణులు కూడా చెబుతారు. మాలో క్రైస్తవ సోదరుడొకరు తన ప్రార్థన తాను చెప్పుకుంటారు, మగ్రిబ్ నమాజు ముగించుకుని వచ్చి కలిసేవారూ ఉన్నారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మొదలైన, తాగుడు మానాలనుకునే వాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా భగవంతుణ్ని ఎవరికి అర్థమైన రూపంలో వారినే తలచుకోమంటుంది.

కొత్తగా వచ్చిన వాళ్లలో కొందరికి బూట్ల తాళ్లు కట్టుకోవడమే పెద్ద పని. వేళ్లు వణుకుతాయి, ముడి జారిపోతుంది, మళ్లీ మొదలుపెడతారు. మేము సాయం చేయబోము, తొందరపెట్టము. ఆ ముడి పడేదాకా అందరం పక్కనే నిలబడతాము. తన కోసం పదిమంది ఆగడం చాలామందికి ఎన్నో ఏళ్ల తరువాత ఎదురయ్యే అనుభవం.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగేవాడు మాల వేసుకున్న రోజే హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తరువాత లేని మనుషులు కనిపించడం, మతి తప్పడం జరగవచ్చు. దీన్ని దేవుడి ఆగ్రహమని భయపడి ఇంట్లో దాచిపెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అసలు మాలకు ముందే డాక్టర్‌ను కలిసి మందులతో మానడం మంచిది. తాగుడు మానడంపై సలహా కోసం 14446, మానసిక ఇబ్బందులకు టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంకొకటి: దీర్ఘకాలం తాగిన వాళ్లకు పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. అందుకే దీక్షలో ఉండి చెప్పులు వేసుకోని వాళ్లను మేము పరుగెత్తనివ్వము. వాళ్లు మట్టిదారిలో నడుస్తారు, నడక అయ్యాక అరికాళ్లు కడిగి వెలుతురులో చూసుకుంటారు.

లాస్ ఏంజెలెస్‌లో నిరాశ్రయులు ఎక్కువగా బతికే స్కిడ్ రో ప్రాంతంలో, క్రెయిగ్ మిచెల్ అనే న్యాయమూర్తి 2012లో ఇలాంటి పరుగు బృందాన్నే ప్రారంభించారు. మనుషులకు జైలుశిక్షలు వేసే వ్యక్తి, వ్యసనం నుంచి బయటపడుతున్న వాళ్ల పక్కన చెమటోడుస్తూ పరుగెత్తడం నన్ను కదిలించింది. దీక్షలో అధికారీ స్వామే, హమాలీ స్వామే. ఆ సమానత్వం నల్లబట్టలతోపాటు బీరువాలోకి పోకూడదన్నదే నా తపన. మా గురుస్వామి గారు ఆరు పదులు దాటిన వయసులోనూ రోజూ వచ్చి, అందరికంటే వెనుక ఉన్నవాడితోనే నడుస్తారు.

మాలో మళ్లీ తాగిన వాళ్లు ఉన్నారు. ‘స్వామి శిక్షిస్తాడు’ అన్న భయం మండలం దాకా మనిషిని ఆపగలదేమో గాని, ఒకసారి జారాక అదే భయం అతన్ని గుడికీ మనుషులకూ దూరం చేస్తుంది. అందుకే జారినవాణ్ని మేము ప్రశ్నలు వేయము. మరునాడు అతని ఇంటికి ఇద్దరు వెళ్లి, ‘సాయంత్రం కట్ట మీద ఉంటాము, నడుద్దాం రా అన్నా’ అని చెప్పి వస్తారు. ఒంట్లో బాగోలేకపోతే ముందు డాక్టర్ దగ్గరికి తోడు వెళ్తారు.

ఈసారి ఇరుముడి కట్టుకుని బయలుదేరే ముందే, తిరిగి వచ్చి మాల తీసే తేదీని గురుస్వామి గారు అడిగి రాసుకుంటున్నారు. ఆ రోజు సాయంత్రం ఆరు గంటలకు ఎవరిని ఎవరు ఇంటి దగ్గర నుంచి వెంటబెట్టుకుని రావాలో జంటలుగా పేర్లు కూడా నిర్ణయమైపోయాయి.